హంగరీకి ఏ ములికి

అక్టోబరు నెల మొదటి శనివారం, పొద్దున పది గంటలకు ఇది జరిగింది. కైసర్స్‌లౌటర్న్ ఊరి చివర, మా అల్లుడి అద్దె ఇంటికి పక్క తోటలో. చర్చి గంటలు పది కొట్టి ఆగాక పక్కింటాయన బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, దాని మీద మూడు రకాల బాణపు ములుకులు పెట్టాడు. వాటిలో ఒక రకాన్ని ఏరుకోవాలి. సోమవారం తెల్లారి ఆయన హంగరీకి అడవిపంది వేటకు బయల్దేరాలి.

ఏరడానికి నన్నెందుకు పిలిచాడో ముందు చెప్పాలి.

మూడు నెలల వీసా మీద నేను కూతురింటికి వచ్చాను. పొద్దున్నే కూతురూ అల్లుడూ పనికి పోతారు. మనవరాలు కీటాకు, అంటే పిల్లల బడికి పోతుంది. సాయంత్రం ఆ పిల్లను నేను తెలుగులో ఏదైనా అడిగితే జర్మన్‌లో జవాబు చెప్పి బొమ్మల దగ్గరికి పరుగెత్తుతుంది. మధ్యలో పగలంతా నాదే. టీవీ అర్థం కాదు. పుస్తకం తెరుస్తాను గానీ, నావి నలభై దాటాక రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు. పేజీ తిప్పేసరికి కళ్లు లాగుతాయి. వీధిలో మనుషులు ఉంటారు, మాట ఉండదు. ఎదురుపడితే ఒక పలకరింపు పడేసి పోతారు. కిటికీ దగ్గర కూర్చుని, చెత్త బండి ఏ రోజు ఏ రంగు డబ్బా ఎత్తుకుపోతుందో చూసేవాణ్ణి. ఆ బండివాడు ఒకసారి నాకేసి చెయ్యి ఊపాడు. ఆ వారమంతా వాడి గురించే ఇంట్లో చెప్పాను.

అలాంటి ఒక పగలు పక్క తోటలోంచి బాణం దిగిన చప్పుడు వినబడింది. మా నాన్న వేటగాడు. గోదావరి అవతలి మన్యంలో, జొన్న చేలను పందులు దున్నేసే రోజుల్లో, కొండెక్కి విల్లుతో వేటాడేవాడు. తర్వాత ఫారెస్టువాళ్లు వేట మాన్పించారు, విల్లు చూరులో చెదపట్టింది. ఆ చప్పుడు విని అరవై ఏళ్లయి ఉంటుంది. చెప్పులు కూడా వేసుకోకుండా కంచె దాకా పోయాను.

అవతల నా ఈడు మనిషి. ఆయన చేతిలో ఉన్నది విల్లు అంటే మా నాన్న నమ్మడు. రెండు కొసల్లో చక్రాలు, వాటి చుట్టూ తాళ్లు. కాంపౌండ్ విల్లు అంటారట. లాగేటప్పుడు బరువు ఉంటుంది గానీ, చివరిదాకా లాగాక బరువులో చాలా భాగం ఆ చక్రాలే మోస్తాయి. నేను చూస్తుండటం ఆయన గమనించాడు. నేను పుల్లతో మట్టిలో మా నాన్న బాణపు ములికి గీశాను, వెనక్కి తిరిగిన రెండు కొక్కేలతో సహా. ఆయన వంగి చాలాసేపు చూసి గేటు తీశాడు.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం అక్కడే. ఆయనకు తెలుగు రాదు, నాకు జర్మన్ రాదు. నన్ను నాఖ్‌బార్ అని పిలిచేవాడు, పక్కింటాయన అని దానర్థం. నేనూ ఆయన్ని అలాగే పిలిచాను. కాఫీ ఇచ్చేవాడు, చేదు విషం, తాగేవాణ్ణి. బాణాలు వేసేవాడు, నేను పోయి గురి దిమ్మలోంచి పీక్కొచ్చేవాణ్ణి. ఆయన కుక్క, చెవులు వేలాడే ముసలిది, నా కాళ్ల మీద పడుకునేది. ఇద్దరం సాయంత్రం దాకా ఊరికే కూర్చున్న రోజులు ఉన్నాయి.

మొదట్లో ఒక చిక్కు వచ్చింది. ఆయన ములికి తీసి అరచేతిలో పెట్టి చాపితే నేను అందుకోలేదు. బల్ల మీద పెట్టమని వేలు చూపించాను. ఆయన ముఖం ముడుచుకుంది. నాకు ఆయన చెయ్యి అసహ్యం అనుకున్నాడట. ఆదివారం అల్లుడు వచ్చి, మా వైపు పదునైన ఇనుము చేతికి చేతికి ఇచ్చుకోరని, ఇచ్చుకుంటే తగవు పడతామని చెప్పాడు. ఆయన పగలబడి నవ్వి, ఆ రోజు నుంచి చెంచా కూడా నాకు బల్ల మీదే పెట్టేవాడు.

ఆ ఆదివారమే ఆయన సంగతులు అల్లుడి నోటి ద్వారా తెలిశాయి. ఆయన భార్య పోయింది. పిల్లలు లేరు. భుజానికి ఆపరేషన్ అయింది. ఈ దేశంలో విల్లుతో వేట చట్టం ఒప్పుకోదు, తుపాకీతోనే వేటాడాలి. అందుకని విల్లు పట్టేవాళ్లు హంగరీ పోతారు. పోయినేడు ఆయన బాణం ఒక పందికి తగిలింది, పంది పారిపోయింది. ఆ పొద్దంతా, మర్నాడు కూడా కుక్కతో వెతికారు. నెత్తురు వాగు దాకా కనబడి ఆగిపోయింది. అది ఏ పొదలో ఎన్నాళ్లు బాధపడి చచ్చిందో అన్న ఆలోచన ఆయన్ని వదలడం లేదు. ఈసారి వేస్తే కళ్లముందే పడాలి, ఇంకొకటి గాయంతో పోతే జన్మలో విల్లు ముట్టను అన్నాడు.

ఇంటికొచ్చాక అల్లుడు నవ్వాడు. "ఇంత ఊర్ల నీకు బాణాలాయనే దొరికిండా మామా? మా ఆఫీసోళ్లు అడిగితే ఏం చెప్పాలె, మా మామ జర్మనీ వచ్చి వేటగాళ్లల్ల కలిసిండని చెప్పాలెనా?"

"చెప్పు. ఉన్నదే కదా," అన్నాను.

ఇక ఆ శనివారం. తోటలో ఇంకో మనిషి ఉన్నాడు, పక్కింటాయన స్నేహితుడు, హంగరీకి కారు నడపబోయేది ఆయనే. వేరే ఊరి మనిషి. పెద్ద మీసాలు, పెద్ద పొట్ట, పెద్ద గొంతు. అల్లుణ్ణి నేనే బతిమాలి తీసుకుపోయాను, మాట అందించడానికి.

మొదటి రకం ములుకులు ఆ మీసాలాయన తెచ్చినవి. రెక్కలు ముడుచుకుని ఉంటాయి, తగిలిన క్షణంలో విచ్చుకుంటాయి. గాలిలో మామూలు బాణంలా తిన్నగా పోతాయి, లోపల గాయం వెడల్పుగా చేస్తాయి. వీటిని మించినవి లేవని ఆయన వాదన. రెండో రకం పక్కింటాయన ఎప్పుడూ వాడేవి, మూడు అలుగులు, అంటే పదునైన రేకులు, కదలకుండా బిగించినవి. పోయినేడు పందికి తగిలింది అదే. మూడోది కొత్తగా తెప్పించుకున్నది. చూడటానికి ఏమీ లేదు, అటూ ఇటూ పదునున్న ఒకే ఒక్క అలుగు, ఈటె మొనలాగా.

నాకు మాత్రం మూడింటిలో ఏదీ నచ్చలేదు. వీటికి కొక్కేలు ఏవని అడిగాను. కొక్కెం లేకపోతే పంది పరుగెడుతుంటే బాణం ఊడి పడిపోతుంది కదా.

అల్లుడు అడిగి చెప్పాడు. "ఊడిపోవాలెనట మామా. లేకపోతే ఇటునుంచి అటు ఆర్‌పార్ పోవాలెనట. ఒకవేళ జంతువు తప్పించుకుంటే దాని ఒంట్లె ఇనుము ఉండొద్దంట."

మా నాన్న అలా అనుకోలేదు. బాణం ఒంట్లో ఉంటే పంది అలిసిపోతుంది, పొద్దంతా వెంటపడి పట్టుకోవచ్చు అనుకునేవాడు. మా నాన్న ఆకలికి వేటాడాడు, పక్కింటాయనకు ఆ ఆకలి లేదు. 

పదును చూశారు. రబ్బరు బ్యాండును డబ్బాకు సాగదీసి, దాని మీద అలుగు ఊరికే ఆనించారు. మూడూ తెంపాయి. బాణానికి బిగించి మొన మీద బొంగరంలా తిప్పి చూశారు, మొన వణికితే గురి తప్పుతుందట. మూడూ తిన్నగా తిరిగాయి. అప్పుడు ఫోమ్ దిమ్మకు పాత తోలు కోటు వెన్ను ముక్క రెండు మడతలు వేసి కట్టారు, పంది భుజం మీద తోలు మందం కనుక.

రెక్కల ములికి తోలును చింపింది గానీ లోపలికి పోలేదు. విచ్చుకోవడానికే దాని బలమంతా అయిపోయింది. మీసాలాయన గొణిగాడు. భుజం ఆపరేషన్ తర్వాత పక్కింటాయన విల్లు మరలు వదులు చేసి లాగుడు బరువు తగ్గించుకున్నాడు. ఆ తగ్గించిన విల్లుకు ఇది సరిపడదు. మూడు అలుగులది సగం దిగింది. ఒక్క అలుగుది వేశాడు. ఈకల దాకా దిగింది. పీకడానికి నేను దిమ్మకు కాలు తన్నిపెట్టాల్సి వచ్చింది.

పక్కింటాయన పిల్లాడిలా అరిచాడు. మీసాలాయన ఓడినందుకు తన టోపీ తీసి కుక్క నెత్తిన పెట్టాడు. అందరూ నవ్వారు. కథ అక్కడ ముగియాలి. ఏ ములికి అన్నది తేలిపోయింది.

కానీ బాణం వదిలేటప్పుడు నేను దిమ్మను చూడలేదు. మూడుసార్లూ ఆయన చేతినే చూశాను. లాగడానికి ముందు విల్లు ఆకాశానికి ఎత్తాడు. బరువు చాలని మనిషే అలా ఎత్తి లాగుతాడు. లాగాక మోచెయ్యి ఒకచోట నిలబడలేదు. తోటలో దిమ్మ కదలదు కనుక బాణం తగిలింది. పంది అలా నిలబడదు.

మా వైపు కొండెక్కే ముందు పట్టు చూసేవాళ్లు. వేటగాడు విల్లు లాగి పట్టుకుని నిలబడాలి. ఒక పెద్దమనిషి అగ్గిపుల్ల గీసి చుట్ట అంటించుకుంటాడు. చుట్ట అంటుకునే దాకా చెయ్యి వణక్కపోతే పోవచ్చు. వణికితే ఆ పెద్దమనిషి అందరి ముందూ 'నువ్వు పోవద్దు' అన్న మాట అంటాడు. అనిపించుకున్నవాడికి అందులో నామర్దా లేదు. వాడు ఊళ్లో ఉండి, వేట తిరిగొచ్చాక మాంసం పంచుతాడు. వాడి చెయ్యి పడకుండా ఎవరూ ముక్క ముట్టరు. మా నాన్నను ఒక ఏడు ఆ మాట అన్నారు. ఆ రోజు నుంచి ఊళ్లో వేట ఆగిపోయే దాకా మాంసం ఆయనే పంచాడు.

ఇంకోసారి లాగి పట్టుకొమ్మని సైగ చేశాను. ఆయన నవ్వుతూనే లాగాడు. నా దగ్గర చుట్ట లేదు, మనసులోనే అంటించుకున్నాను. అది అంటుకోక ముందే బాణం మొన గాలిలో గీతలు గీసింది. ఆయన విల్లు దించాడు, కుడిచెయ్యి ఎడంచేత్తో పట్టుకున్నాడు.

"అల్లుడా," అన్నాను, "ములికి బాగుంది. చెయ్యే బాలేదు. పోవద్దని చెప్పు."

"మామా, గది నేను చెప్పలేను. వాళ్ల దోస్తు ముంగట అసలే చెప్పలేను."

"అందరి ముందరే చెప్పాలి. చాటున చెబితే అది చాడీ."

నేను రెండు ముక్కల్లో అన్నదాన్ని అల్లుడు చాలాసేపు చెప్పాడు. పట్టు సంగతి, చుట్ట సంగతి, మాంసం పంచే సంగతి కూడా చెప్పినట్టున్నాడు, చేతులతో పంచి చూపించాడు. మీసాలాయన కిందకి చూస్తూ తన చేతి తొడుగులు చుట్టాడు. చెయ్యి సంగతి ఆయనకు ముందే తెలుసని అప్పుడు అర్థమైంది. పక్కింటాయన నన్నే చూశాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. తర్వాత మెల్లగా ఒక్క మాట అడిగాడు.

అల్లుడు నా వైపు తిరిగాడు. "నాకు మాంసం ఎవరు తెస్తరు, ఎవరికి పంచాలె, అని అడుగుతున్నడు మామా."

మా ఊళ్లో ఆ మాట వెనకాల ఊరంతా ఉంటుంది. ఈ తోటలో ఆయనకు ఏమున్నాయి? ఒక కుర్చీ, ఒక కుక్క, మూడు రకాల ములుకులు. పోవద్దన్నాను గానీ, పోకపోతే ఉండటానికి ఆయనకు చోటు చూపించలేదు. ఆయన ములుకులు ఒక్కొక్కటే తుడిచి డబ్బాలో పెట్టుకుని లోపలికి పోయాడు. తలుపు మెల్లగానే వేశాడు.

సోమవారం తెల్లవారి కిటికీలోంచి చూశాను. మీసాలాయన కారు వచ్చి ఆగింది, కొంతసేపు ఉంది. ఆయన ఒక్కడే వచ్చాడు, ఒక్కడే పోయాడు. ఆ వేళ ఏ పందీ పక్కింటాయన బాణంతో కుంటుతూ పొదల్లోకి పోలేదు. అందుకే చెప్పింది తప్పని ఇప్పటికీ అనుకోను.

అయితే మధ్యాహ్నాలు మళ్లీ నావే అయ్యాయి. తోటలో బాణం చప్పుడు లేదు. కంచె దగ్గరికి పోతే ఆయన చెయ్యి ఎత్తేవాడు, గేటు తీసేవాడు కాదు. నీకెందుకు నాన్నా ఆ మాటలు అని కూతురు కసిరింది. కసిరి, తనే కోడికూర వండి గిన్నెలో పోసి ఇచ్చి రమ్మంది. ఆయన తలుపు తీశాడు, గిన్నె అందుకున్నాడు, తల ఊపాడు, నాఖ్‌బార్ అన్నాడు. లోపలికి రమ్మనలేదు. మర్నాడు గిన్నె కడిగి తుడిచి మా గుమ్మం ముందు పెట్టి ఉంది. బెల్ కొట్టలేదు. ఎప్పుడు పెట్టాడో, నేను పొద్దంతా కిటికీ దగ్గరే ఉండి కూడా చూడలేకపోయాను.

వీసా అయ్యేదాకా అంతే. మీసాలాయన హంగరీ నుంచి మాంసం తెచ్చాడో లేదో నాకు తెలియదు. ఆయన కారు మాత్రం మళ్లీ ఆ వీధిలో నేను చూడలేదు.

ఆ శనివారం ఆ తోటలో ఉన్నవాళ్లం: విల్లు పట్టిన పక్కింటాయన, కారు నడిపే ఆయన స్నేహితుడు, నా మాటను మోసిన మా అల్లుడు, టోపీ పెట్టుకున్న ముసలి కుక్క, నేను. ఇంకెవరూ లేరు.