తాత చేతిలో నాలుగు గుండీలు

ఇది 2013 నాటి మాట. అప్పుడు నేను కోదాడలో ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాను. చివరి ఏడాదిలో ప్రాజెక్టు చెయ్యడమంటే, హైదరాబాదులో తయారుగా దొరికేదాన్ని తెచ్చుకుని దాని మీద మన పేరున్న అట్ట అంటించుకోవడం. మా క్లాసులో దాదాపు అందరూ అదే చేశారు. నాకు మాత్రం నా చేత్తోనే చెయ్యాలన్న పిచ్చి పట్టింది.

అరచేతిలో పట్టే నీలం రంగు మైక్రోకంట్రోలర్ బోర్డు, దానికి తగిలించే చిన్న బ్లూటూత్ ముక్క, నాలుగు రిలేలు. రిలే అంటే మనిషి వేలు అక్కర్లేకుండా పడే స్విచ్. ఫోన్ తెర మీద గుండీ నొక్కితే ఆ సంగతి గాలిలోనే బోర్డుకు అందుతుంది, బోర్డు రిలేకు చెబుతుంది, రిలే 'టక్' మంటుంది, బల్బు వెలుగుతుంది. హాస్టల్ గదిలో మొదటిసారి ఆ బల్బు వెలిగినప్పుడు మంచమెక్కి గెంతాను.

మా గైడ్ సార్ గెంతలేదు. "బాగానే ఉందమ్మా. కానీ బల్బు ఆరడుగుల దూరంలో ఉంది. లేచెళ్లి స్విచ్ వేసుకోలేరా?" అన్నారు.

ఆ వారమే, జనవరి మొదట్లో, మా తాత కాలు విరిగింది. మనవరాలిగా నాకు ఏడుపొచ్చింది. ఇంజినీరుగా మాత్రం, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, సార్ ప్రశ్నకు జవాబు దొరికిందని కొంచెం ఊరట కలిగింది.

మాది హుజూర్‌నగర్ నుంచి నేరేడుచర్ల పోయే దారిలో ఒక ఊరు. తాత జీవితమంతా గొర్ల వెనకే నడిచాడు. తాను పాలు పట్టి పెంచిన పొట్టేలే ఒకరోజు వెనక నుంచి వచ్చి గుద్దితే కాలువ గట్టు మీద నుంచి దొర్లాడు. సూర్యాపేట దవాఖానలో ఆపరేషన్ చేసి, తొడలో రాడ్డు వేసి, రెండు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. గట్ల మీద తిరిగిన మనిషిని ముందు గదిలో మంచానికి కట్టేసినట్టయింది. ఆ కోపమంతా మా నాయనమ్మ మీద తీర్చుకున్నాడు. "ఫ్యాన్ ఎయ్. ఫ్యాన్ బంద్ చెయ్. లైటు తియ్, కండ్లల్ల పడుతుంది." నాయనమ్మ పక్క గదిలో సీరియల్ ముందు కూర్చోవడం, లేవడం, మళ్లీ కూర్చోవడం.

ఒక శనివారం బస్సెక్కి నా సామాను మొత్తం ఇంటికి పట్టుకుపోయాను. పాత ఊరగాయ డబ్బాకు బెజ్జాలు పెట్టి బోర్డు అందులో బిగించి, తాత గదిలో స్విచ్‌బోర్డు పక్కన తగిలించాను. నాన్న మెయిన్ బంద్ చేసి, చేతిలో ఎండు కర్ర పట్టుకుని నా వెనక నిలబడ్డాడు. నాకు షాక్ కొడితే ఆ కర్రతో నన్ను విడదీయాలని ఆయన ఆలోచన. షాక్ కొట్టలేదు. ఫ్యాను, లైటు కలిశాయి. నా టచ్ ఫోన్ తాతకిచ్చి, ఆయన బటన్ ఫోన్ నేను తీసుకున్నాను. తాతకు చదువు రాదు కాబట్టి తెర మీద నాలుగు రంగుల గుండీలు పెద్దవిగా పెట్టాను.

అయితే ఫోన్ తాత వేలిని గుర్తించలేదు. యాభై ఏళ్లు కర్ర పట్టిన బొటనవేలు చెక్కలా గట్టిపడిపోయింది. ఎంత నొక్కినా తెర ఉలకలేదు. చివరికి తాత బొటనవేలిని నాలుకకు రాసుకుని నొక్కాడు. టక్. ఫ్యాన్ తిరిగింది.

"ఓర్నీ!" అని మంచంలో సగం లేచాడు. పావుగంట ఫ్యాన్ ఆన్ చేశాడు, ఆఫ్ చేశాడు. తర్వాత తెర వంక చూసి నెమ్మదిగా అడిగాడు.

"బిడ్డా, గుండీలు నాలుగున్నయ్. రెండే కలిపినవ్. తక్కినయి ఉట్టిగనే ఉన్నయా?"

"ఉట్టివే తాత."

"టీవీ ప్లగ్గు గీ గోడకే ఉంది కదా. దాన్ని గిట్ల కలుపరాదు? మీ నాయనమ్మ మర్చిపోయి పండుకుంటది, కరెంటు కాలుతది. పాపం ముసల్ది."

యాభై ఏళ్ల కాపురంలో ఆయన నాయనమ్మను పాపమన్నది అదే మొదటిసారి. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. కలిపి, ఆదివారం సాయంత్రం కోదాడ వెళ్లిపోయాను.

పది రోజులకు నాన్న ఫోన్ చేశాడు. టీవీ పాడైందట. సీరియల్లో అత్త కోడలి మీద చెయ్యెత్తే సమయానికి ఠపీమని ఆరిపోతుందట. వార్తలొస్తే ఆరదట. కేబుల్ అతను రెండుసార్లు వచ్చి చూసి ఏమీ లేదన్నాడట. నేను హాస్టల్ వరండాలో నిలబడి, ఏమీ తెలియనట్టు, "వోల్టేజీ ఏమో నాన్నా" అన్నాను. అబద్ధం చెప్పడానికి నాలుగేళ్ల చదువు అలా పనికొచ్చింది.

నాయనమ్మ మాత్రం వోల్టేజీని నమ్మలేదు. ఆమె చీకట్లో దగ్గు విని ఏ గొర్రెకు జబ్బు చేసిందో చెప్పే మనిషి. టీవీ ఆరే ముందు గోడ అవతల 'టక్' మంటున్నదని గమనించింది. ఒక సాయంత్రం సీరియల్ పెట్టి, దాని ముందు కూర్చోకుండా తలుపు చాటున నిలబడి తాతను చూసింది. తాత ఫోన్ తీశాడు. బొటనవేలు నాలుకకు రాసుకున్నాడు.

"ఏం ముసలోడా, ఫోనుకు ఉమ్ము రాస్తున్నవ్?"

తాత దొరికిపోయాడు. "అత్తా కోడండ్ల ఏడుపు వినలేక చేసిన" అని ఒప్పుకున్నాడట. నాయనమ్మ అరవలేదు. ఫోన్ లాక్కుని వంటింట్లోకి వెళ్లింది. మార్చి ఎండలు ముదురుతున్నాయి. కాసేపటికి తాత మీది ఫ్యాన్ ఆగింది. "ఏమే! ఏమే!" అని ఆయన పిలిచాడు. సీరియల్ అయిపోయాకే ఫ్యాన్ తిరిగింది. ఆ రాత్రి ఒప్పందం కుదిరింది: ఫోన్ ఆయనది, ఆ అరగంట మాత్రం ఆమెది. అయినా ఊరంతటికీ కరెంటు పోయినప్పుడు కూడా ఆమె ముందు ఆయన్నే తిట్టేది.

ఏప్రిల్‌లో పరీక్షల సెలవులకు ఇంటికొచ్చి, తాతను చూపించడానికి నేనూ సూర్యాపేట వెళ్లాను. డాక్టర్ ఎక్స్‌రే చూసి, తాత కాలు పిసికి చూసి మొహం చిట్లించాడు.

"బొక్క మంచిగ అతుక్కుంది. నడువుమని చెప్పి నెల దాటింది. కండ అంతా కరిగిపోయింది. ఏం పెద్దాయనా, నడుస్తలేవా?"

"నొప్పి సారూ."

"నొప్పి కాదు సారూ," నాయనమ్మ నా వంక చెయ్యి చూపింది, "ఇగో, ఇది డబ్బా చేసిచ్చింది. దొర లెక్క పండుకొని అన్ని గుండీలతోనే చేస్తుండు. ఇగ లేస్తడా?"

డాక్టర్ అంతా అడిగి తెలుసుకున్నాడు. "తెలివైన పిల్లవే," అన్నాడు నాతో, "కానీ ఇట్లనే ఇంకో నెల పడుకుంటే ఆయన మళ్ల లేవడు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. ఈసారి ఇంజినీరు, మనవరాలు ఇద్దరూ ఏడ్చారు. ఇంటికి చేరగానే స్క్రూడ్రైవర్ తీస్తే నాయనమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఊడదీయకు. జర నాకిడిచిపెట్టు."

ఫోన్ తీసుకెళ్లి గదికి అవతలి గోడనున్న అల్మారాలో పెట్టింది. తాత చేతికర్రను మంచానికి ఆనించింది. ఒప్పందం ఖతం, ఇక టీవీ ఎప్పుడైనా ఆర్పుకోవచ్చని చెప్పింది. చెప్పి, సీరియల్ పెట్టి, వాల్యూమ్ పెంచింది.

మొదటి రోజు తాత చెవుల మీద తువ్వాలు కప్పుకున్నాడు. రెండో రోజు నన్ను ఫోన్ తెచ్చివ్వమన్నాడు. నేను చదువుకుంటున్నానన్నాను. మూడో రోజు సీరియల్లో అత్త ఏడుపు మొదలుపెట్టి, మధ్యలో ప్రకటనలొచ్చి, మళ్లీ అక్కడి నుంచే అందుకుంది. తాత పళ్లు కొరుకుతూ కర్ర పట్టుకుని లేచాడు. నేను పుస్తకం పైనుంచి చూస్తున్నాను. తాత గోడ పట్టుకుని ఒక అడుగు, ఆగి ఇంకో అడుగు. పోయి పట్టుకోబోతే నాయనమ్మ పక్క గది నుంచి కళ్లతోనే నన్ను కూర్చోబెట్టింది. ఎనిమిది అడుగులు. తాత అల్మారా చేరి, వేలు నాలుకకు రాసుకుని నొక్కాడు. టక్.

"ఫోన్ గాడనే పెట్టి రా," అంది నాయనమ్మ, తల తిప్పకుండా. "చేతుల పట్టుకొని నడిస్తే పడ్తవ్."

ఆయన మళ్లీ ఎనిమిది అడుగులూ వెనక్కి నడిచాడు. మంచం మీద కూలబడి, గెలిచినవాడిలా నవ్వాడు.

వారం తర్వాత ఫోన్ వసారాలో కిటికీ మీదికి వెళ్లింది. ఆ తర్వాత గేటు పక్కనున్న దిమ్మె మీదికి. బ్లూటూత్ అంతకంటే దూరం అందదని నేను చెప్పాకే ఆమె ఆగింది. అప్పటికి తాతకు విషయం అర్థమైంది.

"నన్ను మేకను తోలినట్టు తోలుతున్నవ్ కదనే."

"మేకైతే ఎప్పుడో నడిచేది."

మే నెలలో వైవా కోసం డబ్బా ఊడదీసి కోదాడ తీసుకెళ్లాను. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ మూత తీసి, "ఇదేంటమ్మా, మామిడికాయ వాసనొస్తోంది?" అన్నారు. ఎక్కడైనా వాడి చూశావా అని అడిగితే జరిగినదంతా చెప్పాను. ఆయన నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకుని, బల్బు వెలిగించి చూపమని అడగడమే మర్చిపోయారు. పాసయ్యాను.

వానలు పడ్డాక తాత మొదటిసారి గొర్ల వెంట కాలువ దాకా వెళ్లాడు. కొంచెం కుంటుతూనే వెళ్లాడు. పొద్దు గూకుతున్నా రాలేదు. నాయనమ్మ టీవీ పెట్టకుండా, గడప మీద కూర్చుని బాట వంకే చూస్తోంది. పోయి పక్కన కూర్చుని, "సీరియల్ కూడా పెట్టుకోలేదేం నాయనమ్మా?" అన్నాను.

"ఇయాల ఐతారం కదనే," అంది. "ఐతారం సీరియల్ రాదు."