పసుపు తగిలిన సున్నపు గోడ

ఈ పొద్దున నాగర్‌కర్నూల్ బస్సులో మోదుగ పూల మూట వచ్చింది. నల్లమల అంచున ఉండే ఒకావిడ ఏటా ఎండలు ముదరకముందే నాకోసం ఏరి పంపిస్తుంది. వనపర్తిలో నేను బొమ్మలు వేసుకునే గదిలో ఇప్పుడవి గంజులో ఉడుకుతున్నాయి. తడిసిన గోనెసంచిలో బెల్లం ముద్ద పెట్టి మరిచిపోతే వచ్చే వాసన అది. పక్కింటివాళ్లు కిటికీలు మూసుకుంటారు, నాకేమో ప్రాణం లేచొస్తుంది. డబ్బా రంగులు నేను ముట్టను. ఆకు, పువ్వు, బెరడు, వేరు, ఇవే నా రంగులు. "ఇది దేని బొమ్మండీ?" అని అడిగేవాళ్లకు "దేనిదీ కాదు, ఉత్త రంగులే" అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఈ పిచ్చి నాకెక్కడ అంటుకుందో చెప్పాలంటే, మల్దకల్ దగ్గర మా ఊళ్లో, నా ఎనిమిదో ఏట, మా ఇంటి ముందుగోడ దగ్గరికి పోవాలి.

కాముని పున్నం, అంటే హోలీ, ఇంకా పదిహేను రోజులుందనగానే మా పిల్లల మందకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. సజ్జరొట్టెలో వెల్లుల్లి కారం చుట్టుకుని, తింటూనే చెలకల వెంట పరుగెత్తి, ఆకు రాలి నిండా పూసిన మోదుగ చెట్ల కింద లంగా ఒడి పట్టి పూలు నింపుకుని, దారిలో పచ్చిశనగలు పీక్కుని కాల్చుకుతిని, మూతులు నల్లగా చేసుకుని ఇల్లు చేరేవాళ్లం. ఆ పూలను మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, పెద్ద కుండలో నానబెట్టి, తాంబూలంలోకి పెట్టుకున్న సున్నం నుంచి చిటికెడు తీసి అందులో వేసేది. రంగు చిక్కబడి నారింజపండులా మెరిసేది. అవ్వకు ఇలాంటివి ఎన్నో తెలుసు. ఏది దేనితో కలిపితే ఏమవుతుందని అడిగితే మాత్రం "చేస్తె తెలుస్తది, అడిగితె తెల్వదు" అని కసురుకునేది.

ఆ ఏడు మా ఇంట్లో పున్నం కన్నా పెద్ద పని ఉండింది. మా చిన్నత్తను, అంటే నాయిన చెల్లెల్ని, చూసుకోవడానికి అయిజ నుంచి వస్తున్నారు. అంతకుముందు రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఒకళ్లకు గుమ్మంలో పిల్లి ఎదురైందట, ఇంకొకళ్లకు మంచినీళ్ల చెంబు చేజారి పడిందట. అవి వంకలని అందరికీ తెలుసు, కానీ మూడోసారి కూడా తప్పితే పిల్లకు చెడ్డపేరు పడిపోతుందని అవ్వ భయం. పైగా అత్త ఆ పిల్లగాడిని గద్వాల సంతలో ఒకసారి దూరం నుంచి చూసిందట. నచ్చాడని నాకొక్కదానికే చెప్పింది. ఎవరికైనా చెప్తే జడ కోస్తానని కూడా చెప్పింది.

వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే నాయిన ముందుగోడకు సున్నం వేశాడు. గోడ అడుగున అవ్వ జాజు పూసింది, ఆ ఎర్రమట్టి మీద తెల్లటి గోడ కళకళలాడిపోయింది. గడపకు పసుపు రాయమని నా చేతికి గిన్నె ఇచ్చారు. రాశాను. బుద్ధిగానే రాశాను. రాసి, చేతులు ఏ పిల్లయినా తుడుచుకునేచోటే తుడుచుకున్నాను, గోడకు.

పచ్చి సున్నం మీద పడ్డ పసుపు కళ్లముందే ఎర్రబడింది. నా చేయి కుంకుమ ముద్రలా గోడమీద నిలబడింది. భయపడి ఆగిపోవలసిన పిల్ల ఆగిందా? లేదు. గిన్నెలో ఉన్నదంతా నీళ్లతో కలిపి చిమ్మాను. అందినంత ఎత్తు ఎగిరి మరీ చిమ్మాను. అబ్బ, ఆ ఎరుపు! ఇప్పటికీ ఏ బొమ్మ పూర్తయినా నాకు అంత సంతోషం కలగలేదు.

"ఓయమ్మో, సచ్చినం!" అని అత్త కేక.

అవ్వ కంగారుగా ఆ మరకల మీద ఇంకో పూత సున్నం వేసింది. సున్నం తగిలేకొద్దీ ఎరుపు ఇంకా పాకింది. తల పట్టుకుని, ఉరికిపోయి చింతపండు పులుసు తెచ్చి రుద్దింది. రుద్దినచోటల్లా మళ్లీ పసుపు తేలింది. ఇప్పుడు గోడమీద ఎరుపు, పసుపు, తెలుపు మూడూ మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. అత్త మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. నేను గాదె వెనక దాక్కుని ఏడ్చాను, వీపు పగులుతుందని కొంత, అత్త పెళ్లి చెడగొట్టానని చాలా.

కాసేపటికి అత్త ముక్కు తుడుచుకుని లేచింది. "ఎట్లయిన పోయేదే అయితె, మంచిగ ఆడుకొనన్న పోనీ!" అని మోదుగ పూల కుండ ఎత్తుకొచ్చి గోడమీద గుమ్మరించింది. "రాయే పిల్లా, యాడ దాక్కున్నవ్?" అంది. చిక్కుడాకులు నలిపి పచ్చ పూశాం. పెనం మసితో నల్ల గీతలు లాగాం. పువ్వు లేదు, చిలుక లేదు, దేని ఆకారమూ లేదు. అవ్వ కూడా తిట్టడం ఆపి, "గీడ జర ఖాళీ ఉంది" అని ఒక మూల చూపించింది.

అయిజ వాళ్లు పిల్లగాడితో సహా మధ్యాహ్నం దిగారు. పిల్లగాడి తల్లి గోడముందే ఆగిపోయింది.

"ఎవరేసిన్రు గిది?"

తల వంచుకుని ఉండాల్సిన అత్త తలెత్తి, "నేనే. నేను, మా కోడలు పిల్ల" అంది.

ఆమె గోడను ఒకసారి, అత్తను ఒకసారి చూసి ఫక్కున నవ్వింది. "మా ఇంట్ల గోడలన్ని ఉత్తగనే ఉన్నయి" అంది. పోయేముందు అత్తకు బొట్టు పెట్టింది. ఆ సాయంత్రం మా ఇంట్లో బూరెలు చేశారు. నాకు రావలసిన దెబ్బల మాట అందరూ మరిచిపోయారు, నేనూ గుర్తు చేయలేదు.

ఆ ఎరుపు వారం తిరక్కుండానే ఎండకు వెలిసింది. తర్వాత గోడే పోయింది. ఇప్పుడక్కడ సిమెంటు ఇల్లు, మెరిసే పెయింటు. దానికి పసుపు పూస్తే పసుపుగానే ఉంటుంది, తుడిస్తే పోతుంది. సున్నం తడిపే గుంత లేదు, జాజు అమ్మే బండి లేదు, అవ్వ లేదు. ఫొటో అన్నది మా ఇంట్లో ఎవరూ తీయలేదు. ముప్పై ఏళ్లుగా ఆ గోడనే మళ్లీ వేయాలని చూస్తున్నాను. నేను పెద్దదాన్నవుతున్నకొద్దీ అది మసకబారుతోంది.

మొన్న గద్వాలలో నా బొమ్మలు పెట్టినప్పుడు అత్త, మామ వచ్చారు. మామ, అంటే ఆ అయిజ పిల్లగాడే, మాటలు తక్కువ మనిషి. అన్నిటికన్నా పెద్ద బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"గిట్ల లేకుండె. ఎర్రది ఇంక మీదికి ఉండె, కిటికీ దాంక. పసుపుది కారి జాజుల కలిసె."

అత్త గిర్రున తిరిగింది. "నీకెట్ల తెలుసు? ఆ దినం నన్నే చూసిన అంటివి గద ఇన్నేండ్ల సంది!"

"నిన్ను చూసెటందుకు సిగ్గయింది" అన్నాడు మామ. "గోడను చూసిన."

అత్త చేతిసంచీతో ఆయన భుజం మీద ఒక్కటిచ్చింది. నాకు మాత్రం నవ్వూ కన్నీళ్లూ కలిసి వచ్చేశాయి. గబగబా కుర్చీ జరిపి, కాగితం పరిచి, "మళ్లొకసారి చెప్పు మామా, ఎర్రది యాడ దాంక ఉండె?" అన్నాను. మామ కూర్చోలేదు. చెప్పులు విడిచి, మునివేళ్ల మీద లేచి, చేయి పైకెత్తి చూపించాడు.