యాంగ్ మున్సు నలభై వేల మాటలు

జొంజు పట్నంలో, రైతులు పంపే మట్టిని పరీక్షించే ల్యాబులో యాంగ్ మున్సు ఉద్యోగం. దేన్నైనా కొలిచి చూసుకుంటే తప్ప అతనికి నమ్మకం కుదరదు. కూతురు దాయుల్ పాలు తాగే రోజుల్లో, సీసాలో మిగిలిన పాలను ల్యాబు కొలపాత్రలో పోసి చూసి అత్తగారి చేత చివాట్లు తిన్నాడు. మట్టిలో తేమ చూసే పుల్లను అన్నం కుక్కర్లో గుచ్చిన రోజున భార్య జిన్‌హీ సాయంత్రం దాకా అతనితో మాట్లాడలేదు.

అలాంటి మనిషికి ఒక ఆదివారం పొద్దున అత్తగారు కొత్త దిగులు అంటించింది.

"అల్లుడూ, కింది ఇంటావిడ చెప్పింది. తండ్రికి ఎన్ని ఇంగ్లీషు మాటలొస్తే పిల్లకి అందులో సగం వస్తాయట."

"ఆవిడకెవరు చెప్పారత్తయ్యా?"

"ఆవిడ మేనకోడలు ఇంగ్లీషు కోచింగ్ సెంటర్ నడుపుతోందిలే. అది సరే, నీకెన్నొచ్చు?"

మున్సు కిమ్చి పచ్చడి ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయాడు. దాయుల్‌కి ఆరేళ్లు. ఆ పిల్ల బతుకంతా తన తలలో ఉన్న మాటల్లో సగంతోనే గడవాలా? అసలు తన తలలో ఎన్నున్నాయి?

అటక మీంచి హైస్కూలు నాటి నిఘంటువు దించాడు. వాళ్ల రోజుల్లో ఇంగ్లీషు మాటలు నేర్చుకునే పద్ధతి ఒకటుండేది. పేజీ కంఠతా పట్టాలి, చింపాలి, నమిలి మింగాలి. కడుపులోకి పోయింది ఇక మనసులోంచి పోదని పై క్లాసుల వాళ్ల గట్టి నమ్మకం. మున్సు మూడు పేజీలు మింగి, కడుపునొప్పితో పడుకుని, ఆ తర్వాత తినకుండానే చదువుకున్నాడు. పేజీలు మింగిన సంగతి దాయుల్‌కి ఎన్నిసార్లో చెప్పాడు. ప్రతి ఏడూ జనవరి ఒకటిన మొదటి అక్షరంతో మొదలుపెట్టేవాడు. చలి తగ్గే వేళకి మూడో అక్షరం దగ్గర పట్టుదల కూడా తగ్గేది. మళ్లీ జనవరి వచ్చేది.

"అన్ని మాటలూ చూడక్కర్లేదు," అన్నాడు దాయుల్‌ని ఒళ్లో కూర్చోబెట్టుకుని. "పొలమంతా తవ్వుతామా? అక్కడక్కడా గుప్పెడు మట్టి తీస్తాం. ఇదీ అంతే. కళ్లు మూసుకుని పుస్తకం తెరువు. ఆ పేజీలో నాకెన్ని వచ్చో లెక్క పెడదాం."

దాయుల్ కళ్లు మూసుకుని తెరిచింది. మున్సు గడగడా అర్థాలు చెప్పాడు. మళ్లీ తెరిచింది, మళ్లీ చెప్పాడు. చెప్పేకొద్దీ అతని గొంతు పెరిగింది. సింహాసనం వదులుకోవడానికి ఏమంటారో తెలుసు. నేరం చేసి పారిపోవడానికి ఏమంటారో తెలుసు. ప్రతి పేజీలోనూ పదికి ఎనిమిది వచ్చాయి. పుస్తకంలో మొత్తం యాభై వేల మాటలు.

"నలభై వేలు!" అన్నాడు. తనకే ఒళ్లు ఝల్లుమంది.

"అన్నుండి కూడా, విమానాశ్రయంలో ఆ తెల్లాయన దారి అడిగితే నా వెనక దాక్కున్నారెందుకు?" అంది జిన్‌హీ.

"అది మాట్లాడటం. ఇవి మాటలు. వేరు."

దాయుల్ మాత్రం మర్నాడే కిండర్‌గార్టెన్‌లో చాటింపు వేసేసింది. "మా నాన్నకి నలభై వేలొచ్చు" అంటే సియన్ అనే పిల్లాడు "అబద్ధం" అన్నాడు. "శుక్రవారం నాన్నలందరూ వస్తారుగా, అప్పుడు చూడు" అని దాయుల్ వేలికి వేలు మెలేసి పందెం కట్టి వచ్చింది.

"ఓడిపోతే వాడు నన్ను బడి వదిలేదాకా అబద్ధాలకోరు అంటాడు నాన్నా."

"ఓడిపోవడమేంటి తల్లీ!" అన్నాడు మున్సు. రెండోసారి అంటున్నప్పుడు గొంతు కొంచెం తగ్గింది.

గురువారం ల్యాబుకి సొన్ తాత అనే రైతు ఫోను చేశాడు. "నా మట్టి బ్రహ్మాండమని రాశావుగా, మరి వరి ఎందుకిలా ఏడుస్తోందయ్యా?"

"మట్టి ఎక్కడ తీశారు తాతా?"

"గట్టు పక్కనే. ఎరువు బస్తాలు దించుతామే, అక్కడ. లోపలికి దిగితే బురద."

"బస్తాలు దించే చోట బలంగా కాక ఇంకెలా ఉంటుంది? అది మీ పొలం కాదు తాతా, మీ సోమరితనం!" అని మున్సు దులిపేశాడు. ఆ పూట మనసు భలే హాయిగా ఉంది.

శుక్రవారం నాన్నలందరూ పిల్లల కుర్చీల్లో మోకాళ్లు గడ్డాలకి తగిలేలా కూర్చున్నారు. నమ్ టీచర్ ఒక్కో నాన్న ముందు నిలబడి బొమ్మల అట్టలు చూపించి ఇంగ్లీషు పేర్లు అడుగుతోంది. మున్సు వంతు వచ్చింది. అట్టలు అక్షర క్రమంలో ఉన్నాయి. ఓక్ కాయ. "ఏకార్న్!" కొయ్యలు కొరికే జంతువు. "బీవర్!" గొంగళిపురుగు. "కేటర్‌పిల్లర్!"

పిల్లలు ఓహో అన్నారు. దాయుల్ సియన్ వైపు ఓరగా చూసింది. తర్వాతి అట్ట మీద పసుపుపచ్చటి పువ్వు, ఊదితే గింజలు ఎగిరిపోయేది. జొంజులో ప్రతి గట్టు మీదా మొలుస్తుంది. మున్సు నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. తర్వాత గరిటె. అత్తగారు రోజూ తిప్పే గరిటె. రాలేదు. తర్వాత తోకకప్ప.

"కప్ప... చిన్న కప్ప..." అన్నాడు మున్సు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. పక్కన కూర్చున్న ఒక నాన్న పాపం అన్నట్టు దగ్గాడు.

"చూశావా? అబద్ధాలకోరు!" అన్నాడు సియన్.

దాయుల్ కుర్చీ ఎక్కి నిలబడింది. "కాదు! మా నాన్న ఆ పేజీ ఇంకా తినలేదు, అంతే!"

పిల్లలంతా దాయుల్ వైపు తిరిగారు.

"తినడమేంటమ్మా?" అంది నమ్ టీచర్.

"నిఘంటువు! మా నాన్న తిని నేర్చుకుంటాడు!"

అది విన్నాక ఓడిందెవరో ఎవరికీ పట్టలేదు. సియన్ అప్పటికే గరిటె అట్ట మూల కొరికేశాడు. ఇంకో పిల్ల తోకకప్పని నమిలేస్తోంది. "ఉమ్మండి! ఉమ్మండర్రా!" అంటూ టీచర్ ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి పరుగెత్తింది. మున్సు ఆ చిన్న కుర్చీలోంచి లేవబోతే, అది కూడా అతనితో పాటే లేచింది.

ఇంటికి వస్తూ దాయుల్ అడిగింది. "నలభై వేలు అబద్ధమా నాన్నా?"

"చూద్దాం పద," అన్నాడు మున్సు. ఇంటికెళ్లి నిఘంటువు తీసి బల్ల మీద నిలబెట్టి వదిలేశాడు. అదే తెరుచుకుంది, మొదటి అక్షరం దగ్గర. మళ్లీ నిలబెట్టాడు. మూడో అక్షరం. ఇన్ని జనవరుల్లో విరిచి విరిచి చదివిన చోటే పుస్తకం వీపు విరిగి ఉంది. కళ్లు మూసుకుని తెరిచినా, తెరుచుకుని తెరిచినా అక్కడే తెరుచుకుంటుంది.

"గట్టు పక్క మట్టి," అన్నాడు తలకొట్టుకుంటూ. "తప్పు నాదే తల్లీ. అబద్ధం కాదు, తప్పు లెక్క. మళ్లీ చేద్దాం. ఈసారి నీకు తోచిన నంబరు చెప్పు, ఆ పేజీయే తీస్తాను."

దాయుల్ నంబర్లు చెప్పింది. మున్సు ఈసారి నెమ్మదిగా, రానిచోట రాదని చెబుతూ లెక్క పెట్టాడు. తొమ్మిది వేలు తేలింది.

"చాలా తగ్గింది," అంది దాయుల్.

"తగ్గింది. సోమవారం నేనే వచ్చి సియన్‌కి చెప్తాను. నువ్వు అబద్ధమాడలేదు, లెక్క నేను తప్పానని."

"నేను కూడా పక్కనే నిలబడతా," అంది దాయుల్. తర్వాత పుస్తకం వైపు చూసి, "మిగతావి ఎప్పుడు తింటావ్?" అని అడిగింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర దాయుల్ కాల్చిన, కాగితంలాంటి సముద్రపు నాచు రేకు ఒకటి తీసి, చదరంగా చింపి, తండ్రి నోటి ముందు పట్టుకుంది. "టాడ్‌పోల్ అను. అన్నాకే తినాలి."

"టాడ్‌పోల్," అన్నాడు మున్సు. తిన్నాడు.

"ల్యాడిల్ అను."

"ల్యాడిల్."

అత్తగారు ఆ గరిటెతోనే సూపు వడ్డిస్తూ నాచు డబ్బాలోకి తొంగి చూసింది. "నలభై వేలు పూర్తవ్వాలంటే అల్లుడూ, సముద్రంలో నాచు చాలదు," అంది.