పాత కెర్నల్‌ను ఖాళీ చేయించిన మావయ్య

వయసులో ఉన్నప్పుడు ఏ వస్తువైనా కొత్తదైతే చాలు, మంచిదే అనిపిస్తుంది. కంప్యూటర్లను నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ విషయంలో నాకు సరిగ్గా ఆ జబ్బే ఉండేది. పత్రికాఫీసులో కుర్చీ దొరక్కముందు కొన్నాళ్ళు గుంటూరు పొలిమేరలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. అక్కడి మేనేజరు మా అమ్మకు వరసకు అన్నయ్య. ఇంట్లో ఆయన నాకు మావయ్య, ఆఫీసులో సారు. నేను మాత్రం రెండు చోట్లా ఒరేయ్‌నే. అక్కడున్నది ఒకే సర్వరు. దాంట్లో లినక్సు, ఆ లినక్సు కడుపులో మూడు వర్చువల్ మెషీన్లు. ఉన్నది ఒక పెట్టె అయినా మూడు కంప్యూటర్లలా పనిచేయడమేమిటో మావయ్యకు అర్థం కాక ఓ రోజు నిలదీశాడు. "మన బిల్డింగు ఒకటే, ఛాంబర్లు మూడు కదా సార్. ఇదీ అంతే. ఒకదాంట్లో స్టాకు లెక్క, ఒకదాంట్లో కాటా, ఇంకోదాంట్లో ఇంటర్నెట్టు. కెర్నల్ అంటే కంప్రెసరు. అది తిరిగితేనే అన్నీ చల్లగా ఉంటాయి" అని చెప్పాను. ఆయనకు బాగా అర్థమైంది. కొంప మునిగింది అక్కడే.

ఓ సాయంత్రం కొత్త కెర్నల్ వచ్చిందని ముచ్చటపడి వేశాను. మావయ్య టీ గ్లాసుతో వెనక నిలబడి తెరమీద రెండు పేర్లు చూశాడు. "పాతది ఇంకా లోపలే ఉందేందిరా?" అన్నాడు. "ఉండనివ్వండి సార్, కొత్తది మొరాయిస్తే దాంతో నడుపుకోవచ్చు" అన్నాను. ఆయన ముఖం ఎలా అయిందంటే, ఛాంబర్లో ఎలకను చూసినా అలా అవదు. "కొత్త కాయ దించేముందు పాత బస్తా ఒక్కటన్నా లోపల ఉంచుతామంట్రా? పురుగు పట్టదూ? ఖాళీ చేయించు." (ఏటా కొత్త పంట రాకముందు ఛాంబర్లన్నీ ఖాళీ చేయించి, కడిగించి, ఆరబెట్టించడం అక్కడి ఆచారం. ఆయన ఉద్యోగ జీవితమంతా ఆ ఆచారం మీదే నిలబడింది.) ఇప్పుడు వాడుతున్నది ఈ పాతదే, నిజంగా తీసేయమంటావా అని లినక్సు కూడా అడిగింది. "అది అడిగేదేంది, తియ్" అన్నాడు మావయ్య. తీశాను. సర్వరు ఆపేసి ఇద్దరం ఇళ్ళకెళ్ళాం.

పొద్దున వచ్చేసరికి గేటు దగ్గర లారీ, లారీ పక్కన దర్శి పెద్దమ్మ. మాకేం చుట్టం కాదు. దర్శి నుంచి కాయ తెచ్చి మా దగ్గర దాచుకునే రైతు. ఆవిడ గొంతు విని హమాలీలు సైతం బీడీలు ఆర్పేసేవాళ్ళు. ఆ రోజు దాటితే మిర్చి యార్డుకు వేసవి సెలవులు. వేలం ముగిసేలోగా సరుకు చేరకపోతే మళ్ళీ నెల దాకా అమ్ముకునే దారి లేదు, ఈలోగా పత్తి విత్తనాల వేళ ముంచుకొస్తుంది. నేను సర్వరు వేశాను. లినక్సు హాయిగా లేచింది. దాని కడుపులో ఉండాల్సిన మూడింట్లో ఒక్కటీ లేవలేదు.

"ఏరా అబ్బాయ్, నా బస్తాలు లోపలున్నయ్యా లేవా?"

"ఉన్నాయి పెద్దమ్మా. ఎక్కడున్నాయో తెలియట్లేదు."

"దొంగలు పడితే మాత్రం ఇంతకన్నా ఏం చెప్తారు?"

ఆవిడన్నదాంట్లో తప్పేం లేదు. ఒకేలా ఉండే వేల బస్తాల్లో ఆవిడవి ఏ ఛాంబర్లో ఏ వరసలో ఉన్నాయో తెలిసింది, లేవనని కూర్చున్న ఆ స్టాకు మెషీనుకే. ఈలోగా మా ఎలక్ట్రీషియన్ వచ్చాడు. అందరూ ఆయన్ను బ్లోయర్ భాయ్ అనేవాళ్ళు. ఫ్యానైనా ఫ్రిజ్జైనా ఆయన చేసే వైద్యం ఒకటే. "కారం దుమ్ము పట్టుంటది తమ్ముడూ, జరుగు" అని సర్వరు మూత ఊడదీసి బ్లోయర్ పెట్టాడు. దుమ్ము మాత్రం నిజంగానే ఉంది. ఆఫీసంతా ఎర్రగా లేచింది. ముగ్గురం ఏకబిగిన తుమ్మాం. మావయ్య కళ్ళజోడు తీసి ఏడ్చాడు. (బయట నుంచి చూసిన లారీ డ్రైవరు, పెద్దమ్మ తరపు వాళ్ళెవరో పోయారనుకుని టోపీ తీశాడట.) సర్వరు మళ్ళీ వేస్తే అదే లినక్సు, అదే మొండితనం.

అప్పుడు గాని నాకు తెరమీది తిట్లు చదవాలన్న బుద్ధి పుట్టలేదు. సంగతి చిన్నదే. వర్చువల్ మెషీన్లను కెర్నల్‌కు తగిలించే డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. కెర్నల్ మారితే దాన్ని కొత్త కొలతకు మళ్ళీ తయారుచేసుకోవాలి. పాత కెర్నలే ఉంటే దాంతో లేపి, పెద్దమ్మను పంపేసి, ఆ పని తీరిగ్గా చూసుకునేవాణ్ణి. అది పురుగు భయంతో నిన్ననే వెళ్ళిపోయింది. పోనీ డ్రైవరు కట్టుకుందామంటే, దానికి కావలసిన ఫైళ్ళు ఇంటర్నెట్లో ఉన్నాయి. ఇంటర్నెట్టేమో లేవని మూడో మెషీన్లో ఉంది. ఫోన్ నెట్ పెడదామంటే చలి బయటికి పోకుండా కట్టిన ఆ గోడలు సిగ్నల్‌ను లోపలికి రానివ్వవు.

"సిగ్నల్ లోపలికి రాకపోతే పెట్టెనే బయటికి తీసుకుపోదాం" అన్నాను. మావయ్య నావైపు అదోలా చూశాడు గాని, గేటు దగ్గర లారీ హారన్ మోగేసరికి తలూపాడు. సర్వరు ఆపి, తెరతో సహా బస్తాలు లాగే రెండు చక్రాల బండి మీద పడుకోబెట్టి, హమాలీలు దాన్ని కాటా పక్కన వరండాలోకి తోసుకొచ్చారు. భాయ్ వైరు లాగాడు. నా ఫోన్లో డేటా అయిపోయింది. మావయ్యది బటన్ల ఫోను. చివరికి పెద్దమ్మ తన ఫోను ఇచ్చి, ఎండ తెరమీద పడకుండా పైటకొంగు అడ్డం పట్టింది.

"నా పెళ్ళిలో కూడా నాకిట్టా ఎవరూ నీడ పట్టలేదురా. దీనికేం రోగం?"

"కంప్రెసర్ మార్చాం పెద్దమ్మా. బెల్టు సరిపోలా."

"పాత బెల్టు ఏది?"

నేను మావయ్య వైపు చూశాను. మావయ్య అప్పుడే ఏదో గుర్తొచ్చినట్టు లారీ టైర్లు చూడ్డానికి వెళ్ళాడు.

ఫైళ్ళు దిగాయి. డ్రైవరు కట్టమన్నాను. తెరమీద అక్షరాలు పరుగెడుతుంటే చుట్టూ మూగిన హమాలీలు ఆఖరి బంతి చూస్తున్నట్టు ఊపిరి బిగబట్టారు. స్టాకు మెషీను లేచింది. వెనకే కాటా లేచింది. బస్తాలెక్కడున్నాయో తెలియగానే హమాలీలు ఎగబడ్డారు. గేటు పాసు చేతికి రాగానే పెద్దమ్మ డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది. లారీ ఎర్ర దుమ్ములో కలిసిపోయింది.

మధ్యాహ్నం మేమింకా వరండాలో ఉండగానే ఆవిడ మావయ్యకు ఫోన్ చేసింది. ఆయన స్పీకర్ పెట్టాడు. "ఆఖర్న దించినందుకు కాస్త తగ్గించే అడిగారు గాని, ఇచ్చేశా. ఇంక సెలవులైతే నాకేం. నీ చలవేనయ్యా మేనేజరూ, ఎంత తిప్పలు పడ్డావో" అంది. మావయ్య వినయంగా నవ్వాడు. భాయ్ పక్కనుంచి "ముందు దుమ్ము నేను ఊదబట్టి సరిపోయింది" అన్నాడు. నేను బిక్కముఖం వేసుకుని నిలబడ్డాను. అంతలో పెద్దమ్మే "ఆ పెట్టె కాడ కుర్రాడున్నాడా? ఈసారి ఏం మార్చాలన్నా నా సరుకు వెళ్ళాక మార్చుకోమను" అని పెట్టేసింది.

ఇప్పుడు పత్రిక డెస్కులో నా కంప్యూటరు అప్‌డేట్ చేస్తావా అని అడిగినప్పుడల్లా 'తర్వాత' అని నొక్కుతాను. పక్క కుర్చీ పిల్లలకు అది అనుభవమని చెప్పుకుంటాను గాని, అందులో సగం బద్ధకం, సగం భయం. పట్టపగలు ఎండలో బస్తాల బండి మీద సర్వరు పెట్టుకుని కొత్త కెర్నల్‌తో కుస్తీ పట్టిన ఆ కుర్రాడు ఇప్పుడెదురైతే "ఏంటి సార్, ఇంత పాతదా?" అని నవ్వుతాడు. నవ్వనీ. ఎడిషన్ వెళ్ళాక చూద్దాంలే అంటాను.