సరసమ్మ మొదటి ప్రశ్న

మా చెల్లెలు సరసమ్మ ఎవరింటికి పోయినా, చెప్పులు విడవక ముందే, "బాగుండారా" అని పలకరించక ముందే ఒక మాట అడుగుతుంది: "బాత్రూం యాడుండాది?"

నేను గోవిందసామిని. గుడియాత్తం మగ్గాల సంఘానికి మూడు తూర్లు అధ్యక్షుడిగా గెలిచినోణ్ణి. మా వీధికి కొళాయి తెచ్చింది నేను. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివి, తమిళం మధ్య బతికే మావాళ్ళలో తెలుగు చదవడం, రాయడం రెండూ వచ్చిన కొద్దిమందిలో ఒకణ్ణి. నేను నేసిన గళ్ళ లుంగీ కట్టుకొని పెళ్ళిచూపుల్లో నెగ్గినవాళ్ళు ఉండారు. ఇంత పేరు సంపాదించి వీధిలో నడిస్తే, జనం నన్ను వేలెత్తి చూపించి ఏమంటారో తెలుసా? "అదో, బాత్రూం సరసమ్మ వాళ్ళన్న!"

మా వీధి చివర బాలచంద్రన్ కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలిచినాడు. గడప దాటగానే నిలువెత్తు అద్దం, కాలు జారేంత నున్నటి నేల, టేకు తలుపుల పూజగది. వచ్చినవాళ్ళంతా నోళ్ళు తెరిచి చూస్తా ఉంటే సరసమ్మ ఆ అద్దంలో తన మొగమైనా చూసుకోలేదు.

"బాలచంద్రా, బాత్రూం యాడుండాది?"

"అది ఉండాది లే అక్కా. ముందు పూజగది చూడు. ఆ తలుపులు చెక్కేదానికి ఆశారిని కుంభకోణం నుంచి పిలిపించినా!"

"దేవుడు యాడికీ పోడప్పా. తర్వాత చూస్తా."

పోయింది. నా భార్య మోహనను కూడా చెయ్యి పట్టి లాక్కొని పోయింది. తిరిగొచ్చి, హోమం పొగలో కళ్ళు నలుపుకుంటా ఉండే జనానికంతా వినబడేట్టు తీర్పు చెప్పింది. "ఇల్లు మహా బాగుండాది. లోపల మెట్టు మాత్రం ఎత్తు. పట్టుకొని లేచేదానికి గోడకు ఒక కమ్మీ కొట్టించు. గొళ్ళెం సగమే పడతా ఉండాది, అది కూడా చూడు." బాలచంద్రన్ మొగం మాడిన అప్పళం అయిపోయింది. అయినా ఆ వారంలోనే కమ్మీ కొట్టించినాడు. సరసమ్మ చెప్పినాక కొట్టించకుంటే రోజూ వచ్చి చూస్తుందని వాడికి తెలుసు.

గృహప్రవేశం సంగతి పోనీయండి. ఆలంగాయంలో మా దూరపు బంధువు కాలం చేసినాడని పోతిమి. ఇల్లంతా ఏడుపు. సరసమ్మ నేరుగా పోయి ఆయన భార్యను కావిలించుకొని అందరికంటే గట్టిగా రాగం ఎత్తుకుంది. "అయ్యో మా అప్పా, ఇంతమందిని విడిచి పోతివా... నీలాంటి మారాజు మళ్ళీ పుడతాడా... బాత్రూం యాడమ్మా?" ఆ మహాతల్లి కూడా అదే రాగంలో జవాబు చెప్పింది. "పెరట్లో ఎడంపక్కమ్మా... నన్ను ఒంటిదాన్ని చేసి పోతివే నా సామీ..." నేను తలపాగా మొగానికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు.

వేలూరు బస్సు ఎక్కితే ఇంకొక కథ.

"కండక్టర్ తమ్ముడూ, పళ్ళికొండలో ఎంతసేపు నిలుస్తాది?"

"నిలవదక్కా. జనాల్ని ఎక్కించుకొని పోతానే ఉంటాం."

"నిలుస్తాది లే. నేను, మా వదిన దిగుతాం. మమ్మల్ని రోడ్డు మీద విడిచిపెట్టి పోతావా? మీ అమ్మనైతే విడిచిపెట్టి పోతావా?"

వాళ్ళమ్మను తెచ్చినాక ఏ కండక్టరు విజిలు ఊదుతాడు? బస్సు నిలిచింది. డ్రైవరు దిగి టీ తాగినాడు. ఇప్పుడు ఆ బస్సు అక్కడ టీ కోసం నిలుస్తుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. కాదు, మా సరసమ్మ పెట్టిన స్టాపు అది!

ఎవరైనా నవ్వితే దానికి సిగ్గూ లేదు, కోపమూ లేదు. "నాకు డాక్టరమ్మ నీళ్ళ మాత్ర రాసింది నాయనా. ఒంట్లో చేరిన నీళ్ళను దించే మాత్ర. వేసుకున్నాక అది ఊరుకోదు" అని అందరికీ చాటి చెప్తుంది. చెప్పి, మోహన పక్కకు తిరిగి, "వదినా, తోడు రా. ఒక్కదాన్నే పోవాలంటే నాకు భయం" అంటుంది.

భయమంట! మా మగ్గం గుంతలోకి పాము దూరితే నేను పలక మీదికి ఎక్కి అరిచినాను. అరిచింది నేను; కట్టె తీసుకొని దాన్ని సందు చివరి దాకా తరిమింది సరసమ్మ.

ఈ అలవాటు దానికి పుట్టుకతో వచ్చింది కాదు. ముందు మాత్ర వచ్చింది మోహనకు. కాళ్ళు పాదాల దగ్గర నుంచి ఉబ్బి, వేలు పెట్టి నొక్కితే గుంత పడేది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. వేలూరులో భారతి డాక్టరమ్మ చూసి, గుండె బలం తగ్గిందని చెప్పి ఈ నీళ్ళ మాత్ర రాసింది. పొద్దున్నే వేసుకోవాల, సాయంత్రం వేసుకుంటే రాత్రంతా నిద్ర ఉండదు. పడుకున్న చోట నుంచి మెల్లగా లేవాల. రోజూ పొద్దున బరువు చూసుకోవాల. మోకాలి నొప్పికి అంగట్లో మాత్ర కొని మింగకూడదు. అన్నిటికీ మోహన తల ఊపింది. ఊపేదానిలో మోహనను మించినవాళ్ళు లేరు.

అయితే ఆమెకు ఒక గుణం ఉంది. ప్రాణం పోతున్నా పరాయి ఇంట్లో బాత్రూం అడగదు. అందుకని పెళ్ళి అన్నా, బస్సు అన్నా ఆ రోజు మాత్ర మానేసేది. మా మనవరాలు జీవిత నిశ్చితార్థానికి అట్లనే మానేసింది. మరుసటి రోజు, బాకీ తీరుస్తున్నట్టు రెండు మాత్రలు కలిపి వేసుకుంది! పొయ్యి దగ్గర నుంచి లేచిందో లేదో, కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో పెట్టుకున్నారు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "మానేదీ తప్పే, రెండు వేసుకునేదీ తప్పే. ఇంకోసారి ఇట్ల చేస్తే ప్రాణానికి నేను భరోసా ఇవ్వలేను" అనింది. నేను సంఘంలో ఎంతమందికి ధైర్యం చెప్పినోణ్ణి! ఆ మాట విన్నాక నాకే ఎవరైనా ధైర్యం చెప్తే బాగుండుననిపించింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే సరసమ్మ తనకూ నీళ్ళ మాత్ర రాసినారని చాటింపు వేసింది. ఈ బాత్రూం ప్రశ్న మొదలయ్యింది. మోహనకు అది నచ్చేది కాదు. "మీ చెల్లెలు నా మానం తీస్తా ఉండాది. యాడికి పోయినా తోడు రా, తోడు రా. పోయినాను గదా అని నేనూ..." అని అంతటితో ఆపేసేది. ఆడబిడ్డ అర్ధమొగుడు అని ఊరికే అనలేదు పెద్దలు.

జీవిత పెళ్ళి దగ్గర పడింది. వేలూరు తొరపాడిలో మండపం, మగపెళ్ళివాళ్ళు పేరున్నవాళ్ళు. ఆ పెళ్ళికి ముందు ఇద్దరినీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకొని పోతిని. మోహనను రక్తపరీక్షకు పంపించినారు. ఇదే సమయమని నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"అమ్మా, నేను సంఘం అధ్యక్షుణ్ణి. మూడు తూర్లు..."

"తెలుసు అయ్యా. పోయినసారి కూడా చెప్పినారు."

"అయితే ఒక ఉపకారం చేయండి. మా చెల్లెలి నీళ్ళ మాత్ర కొంచెం తగ్గించండి. పెళ్ళిలో మా పరువు..."

"ఏ మాత్ర? సరసమ్మకు నేను ఏ మాత్రా రాయలేదే! ఆమెకు ఏ జబ్బూ లేదు."

బల్ల కింద నా కాలి మీద, పక్కనే కూర్చోనుండే సరసమ్మ తన్ను పడింది. మగ్గం తొక్కిన కాలు అది, ఎముక దాకా తగిలింది. బయటికి వచ్చినాక వరండాలో పట్టుకున్నాను.

"ఏమే, ఇన్నాళ్ళుగా అబద్ధమా?"

"మెల్లగా అన్నా! వదిన రక్తమిచ్చేదానికి పోయింది గానీ చెవులు ఇక్కడే పెట్టి పోయుంటాది."

"ఎందుకు చేసినావు ఇట్ల?"

"వదిన అడగదు గదా. నేను అడిగితే నవ్వుతారు. నవ్వితే నేనేమన్నా కరిగిపోతానా? నాకు తోడొస్తా ఉండానని వదిన అనుకుంటాది. వచ్చింది గదా అని తనూ పోయొస్తాది. ఇప్పుడు పండగైనా పబ్బమైనా మాత్ర మానదు, చూసినావా?"

నేను అధ్యక్షుణ్ణన్న సంగతే మరిచిపోయినాను. అది మామూలు విషయం కాదని నన్నెరిగినవాళ్ళకు తెలుసు.

"తెలిసిపోయింది గదా, ఇంక నోరు మూసుకో" అని చెప్పి మళ్ళీ లోపలికి దూరింది సరసమ్మ. పెళ్ళి రోజు వదిన మాత్ర ఎప్పుడు వేసుకోవాలని డాక్టరమ్మను అడిగి వచ్చింది. ఎప్పటిలాగే పొద్దున్నే వేసుకోమనింది. ప్రయాణముంటే ఒకటి రెండు గంటలు అటూ ఇటూ జరపచ్చు గానీ తనను అడిగే జరపాలనింది. "బాత్రూం దగ్గరుండేది చూసుకోండి" అని కూడా చెప్పిందంట. "అది నాకు చెప్పాల్నా?" అని నవ్వింది మా చెల్లెలు.

పెళ్ళి రోజు వచ్చింది! నాదస్వరం ఆకాశానికి ఎక్కింది. మోహన పొద్దున్నే ఇడ్లీ తిని మాత్ర వేసుకొని మొదటి వ్యానులో నాతో వచ్చింది. సరసమ్మ ఎక్కిన రెండో వ్యానుకు దారిలో చక్రం పంక్చరు. ముహూర్తం దగ్గర పడుతూ ఉంది. పెద్ద ముత్తైదువ అని మోహనను పెళ్ళికూతురి పక్కనే కూర్చోబెట్టినారు. చూస్తే కాలి బొటనవేలితో చాప గీకుతా ఉంది. కళ్ళు వాకిలి మీద ఉన్నాయి.

నేను వంగి అడిగినాను. "ఏమిటే?"

"సరసమ్మ ఇంకా రాలేదే. పాపం, ఆ మాత్ర వేసుకొని నడిరోడ్డు మీద ఎట్ల అల్లాడతా ఉండాదో!"

తన అవస్థ చెప్పుకోదు, దాని కోసం బాధ!

"నువ్వు పోయిరా" అన్నాను.

"ఇంతమంది ముందర నేను లేచి అడిగేదా? చీ! ఇదే చెప్తా ఉండా, ఇంక ఇట్లాంటి రోజుల్లో ఆ మాత్ర ముట్టను. ఒట్టు..."

"ఒట్టు పెట్టొద్దు!" అని ఆమె చెయ్యి పట్టుకున్నాను. డాక్టరమ్మ చెప్పిన మాట చెవిలో గింగురుమంటా ఉంది.

సరిగ్గా అప్పుడే పెళ్ళికొడుకు తండ్రి జానకిరామన్ గారు వచ్చి నాకు శాలువా కప్పినారు. చేతిలో తీగ లేని మైకు పెట్టినారు. "పెద్దలు గోవిందసామి గారు ఇప్పుడు నాలుగు మాటలు మాట్లాడతారు!" మండపం నిండా జనం. ఇట్లాంటి మైకు కోసం, అబద్ధమెందుకు, ఆరు నెలలుగా మాటలు సిద్ధం చేసుకున్నాను. కొళాయి నుంచి మొదలుపెట్టి గళ్ళ లుంగీ దాకా.

లేచినాను. గొంతు సవరించుకున్నాను.

"సభకు నమస్కారం. బాత్రూం యాడుండాది?"

నాదస్వరం ఆగిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. జానకిరామన్ గారు నా చెవిలో, "ఏమండీ, ఆరోగ్యం...?" అన్నారు.

"నీళ్ళ మాత్ర వేసుకున్నానండీ, ఊరుకోదు. మోహనా, తోడు రా. ఒక్కణ్ణే పోవాలంటే నాకు భయం!"

మోహన తల పట్టుకుంది. "అయ్యో రాత! అన్నా చెల్లెలు ఇద్దరూ ఒకటే!" అంటా లేచింది. మెల్లగానే లేచింది, డాక్టరమ్మ చెప్పినట్టు.

వేదిక వెనక, బాత్రూం ఉండే గదికి దారి చూపించినారు. నాలుగడుగులు వేసినామో లేదో వెనక చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే ఊతకర్ర పట్టుకొని ఒక తాత, ఆయన వెనక జానకిరామన్ గారి అమ్మగారు, ఇంకా ఇద్దరు ముసలమ్మలు, మా బాలచంద్రన్. "నాకూ అదే మాత్ర అన్నా" అన్నాడు బాలచంద్రన్ నేల చూస్తా. పొద్దుటి నుంచి అందరూ ఒకరు అడుగుతారని ఒకరు కాచుకొని ఉన్నారన్నమాట!

వరుసంతా గది ముందు నిలబడింది. తలుపుకు తాళం. లోపల నగలున్నాయని ఎవరో వేసినారు. ఎవరు వేసినారో ఎవరికీ తెలియదు.

మోహన మొగం పాలిపోయింది. నేను తాళాన్ని లాగి చూసినాను. సంఘం అధ్యక్షుడికి తాళాలు భయపడవు.

"జరగండప్పా, జరగండి!"

సరసమ్మ! కొప్పు ఊడిపోయింది. వ్యాను చక్రం మార్చేదానికి తనూ చెయ్యి వేసిందేమో, పట్టు చీరంతా మసి. కుడి చేతి వేలికి తాళంచెవి తిరుగుతా ఉంది. వాకిట్లో పన్నీరు చల్లుతా ఉన్న పెళ్ళికూతురి మేనమామ జేబులో చెయ్యి పెట్టి లాక్కొని వచ్చిందంట.

తాళం తీసి, "వదినా, లోపల గొళ్ళెం సరిగా పడతాదో లేదో నువ్వు ముందు చూసి రా. నీకైతే నిదానం ఉండాది" అని మోహనను లోపలికి తోసింది. తలుపు మూసుకున్నాక నా శాలువాను కింది నుంచి పైకి చూసింది.

"ఏమన్నా, నా పని నువ్వు ఎత్తుకుంటివంట?"

"నువ్వు రాలేదు గదా. అడిగినాను. బాగా అడిగినానా?"

"ఏం బాగు? బాత్రూం యాడ అని గృహప్రవేశాల్లో అడగాల. పెళ్ళి మండపంలో తాళంచెవి ఎవరి దగ్గర అని అడగాల!"

ఫెళ్ళుమని నవ్వు వినబడింది. మండపం మొత్తం నవ్వుతా ఉంది, చప్పట్లు కొడతా ఉంది. అప్పుడు చూసుకున్నాను, మైకు ఇంకా నా చేతిలోనే ఉంది, ఆపలేదు.

మూడు తూర్లు అధ్యక్షుడిగా గెలిచిన రోజుల్లో కూడా నాకు అన్ని చప్పట్లు రాలేదు. అవి నాకు వచ్చినవి కావు. అయినా శాలువా సర్దుకొని, అందరికీ చెయ్యెత్తి దండం పెట్టి, మైకులో గట్టిగా చెప్పినాను: "ఈమె మా చెల్లెలండీ!"