సిద్దిరాములు నాలుగు దిక్కుల వార్తలు

సిద్దిరాములు ఏ మాటైనా నాలుగుసార్లు చెబితేగాని చెప్పినట్టు కాదు. కాలేజీ రేడియోకు లౌడ్‌స్పీకరు ఒక్కటే, దిక్కులు మాత్రం నాలుగు. అందువల్ల వచ్చిన తిప్పలవి.

అది రేడియో అని పిల్లలే పేరు పెట్టుకున్నారు. జమ్మికుంట పత్తి మార్కెట్లో వేలంపాటలకు వాడి వాడి బొంగురుపోయిన మైకు సెట్టును, అక్కడి షావుకారొకాయన 1962లో కరీంనగర్ కాలేజీ హాస్టలుకు దానం చేశాడు. రోజూ సాయంత్రం అరగంట వార్తలు, గ్రామఫోన్ పాటలు. దానికి పిల్లల్లోంచే ఎన్నికైన సెక్రటరీ జైపాల్‌రావు, నిద్రలో కూడా ఇస్త్రీ నలగని మనిషి. వార్తలు చదివేది మెట్‌పల్లి దిక్కు రైతుబిడ్డ సిద్దిరాములు.

"రేపు మెస్సుల వంకాయ కూర" అని సిద్దిరాములు పడమటికి చదివేవాడు. నిచ్చెనెక్కి లౌడ్‌స్పీకరును ఉత్తరానికి తిప్పి, దిగివచ్చి, రొప్పుతూ మళ్లీ వంకాయ. తర్వాత దక్షిణం. ఆఖరికి తూర్పు. అక్కడికొచ్చేసరికి వంకాయ మిగిలేది గాని ఊపిరి మిగిలేది కాదు. పాటనైతే పంచిపెట్టేవాడు. పల్లవి పడమటికి, చరణాలు తలా ఒక దిక్కుకు. ఉత్తరపు వీధి వాళ్లు ఏ పాటనైనా నడిమి నుంచే పాడేవారు.

అరగంట రేడియో గంటన్నర సాగుతుంటే పిల్లల చదువు ఏం కావాలి? ప్రిన్సిపాల్ జైపాల్‌రావును పిలిపించాడు. "రేపటి నుంచి ఏదైనా ఒక్కసారే చదవాలె. లేకుంటే మైకు సెట్టు జమ్మికుంటకు వాపస్ పోతది."

జైపాల్‌రావు నేరుగా మైకు దగ్గరికి పరుగెత్తాడు. రేడియో లేకపోతే సెక్రటరీ పదవి ఎక్కడిది? సిద్దిరాములును బతిమాలాడు. "కనీసం తూర్పన్న ఇడిచిపెట్టురా. గటు తుమ్మలు తప్ప ఎవలున్నరు?"

"ఎవలో ఒగలుంటరు, రావుసాబ్."

"నేను పోయి చూసొస్త. ఎవలు లేకుంటే బంద్ చేస్తవా?"

సిద్దిరాములు నిచ్చెనెక్కాడు.

జైపాల్‌రావు సైకిలు తీశాడు. తుమ్మలు దాటి, చెరువు కట్ట దిగితే ఒక పెంకుల షెడ్డు కనబడింది. క్షయ రోగులను ఊరికి దూరంగా ఉంచిన చోటు. బయట మంచాలన్నీ కాలేజీ వైపే తిరిగి ఉన్నాయి. అప్పుడే పాట చివరి చరణం గాలిలో వచ్చింది. ఎవరో లేచి తెల్ల తువ్వాల ఊపారు.

"జర దూరం నిలబడు బిడ్డా" అంది బుచ్చవ్వ అనే ముసలామె. "ఎవలు నువ్వు?"

"కాలేజీ రేడియో వాన్ని, అవ్వా."

"నువ్వేనా!" ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏం పిలగాండ్లు మీరు? వంకాయ సంగతి బరాబర్ చెప్తరు. పాట మాత్రం తోక ఇస్తరు. తల ఎవలు తింటుండ్రు?"

జైపాల్‌రావు తిరిగొచ్చేసరికి ఇస్త్రీ అంతా నలిగిపోయింది. "ఎన్నడు చెప్పకపోతివేంరా?"

"చెప్తే మనోళ్లు తూర్పు కిటికీలు మూసుకోరా? లౌడ్‌స్పీకరు కట్టిన దినమే గటునుంచి తువ్వాల ఊపిండ్రు. పిలిచినోళ్లకు పలకకపోతె ఎట్ల?"

"మరి మిగిలిన మూడు దిక్కులెందుకు?"

"ఒక్క తూర్పుకే తిప్పితే అనుమానం రాదా, రావుసాబ్!"

జైపాల్‌రావుకు నవ్వూ వచ్చింది, కళ్లూ చెమర్చాయి. ఇన్నాళ్లూ ఆ నిచ్చెనను చూసి విసుక్కున్నందుకు సిగ్గేసింది. సిద్దిరాములును వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి అంతా చెప్పాడు.

ప్రిన్సిపాల్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఒక్కసారే చదవాలన్న. ఏ దిక్కుకు చదవాల్నో నేను చెప్పిన్నా?"

మర్నాడు లౌడ్‌స్పీకరును తూర్పుకు తిప్పి గట్టిగా కట్టేశారు. వార్తలు ఒక్కసారే, పాట తలతో సహా. అరగంటలో అంతా అయిపోయింది. అలవాటు కొద్దీ సిద్దిరాములు నిచ్చెనెక్కి, తిప్పడానికి ఏమీ లేక ఊరికే నిలబడ్డాడు.

"ఊపుతుండ్రా?" అడిగాడు జైపాల్‌రావు కింది నుంచి.

"ఊపుతుండ్రు. ఆపుతలేరు."

షెడ్డుకు పాలు పోసే మొండయ్య కాసేపటికి సైకిలు మీద హాస్టలుకు వచ్చాడు. "బుచ్చవ్వ చెప్పి పంపింది సారూ. పాట మస్తుగున్నదట. గాని ఒక్కసారికి ఏం సరిపోతదని కొట్లాడుతుంది. మళ్లొకసారి పెట్టుమన్నది."

జైపాల్‌రావు చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు.

"దిగురా" అన్నాడు. "పల్లవి నుంచి పెట్టు."