కొట్టందాకా ముప్పై అడుగులు

మా ఓర్క్నీ దీవుల్లో థోరా పాలు పితకడానికి కూచుంటే ఎంత పొగరుబోతు ఆవైనా కదిలేది కాదు. ముప్పై రెండో ఏట ఆమె కాళ్లు తడబడ్డాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు అన్నారు. మా దగ్గర అదేం కొత్త పేరు కాదు. డాక్టరు ఆమెతో ఒక్క ముక్క చెప్పకుండా, మొగుడు మాన్సీని పక్కకి పిలిచి, "ఆమెను కదలనివ్వకు. అలసిపోతే జబ్బు ముదురుతుంది," అన్నాడు. అంతే. మాన్సీ గడ్డి అల్లి, ఈదురుగాలి తగలకుండా తలమీద గూడున్న కుర్చీ చేసి కిటికీ పక్కన వేశాడు. ఆమె లేవబోతే చాలు, "కూచో పిల్లా, నేను లేనూ!" అనేవాడు. ఇరవై ఒక్క ఏళ్లు ఆమె ఆ కిటికీలోంచి ఆవుల కొట్టాన్ని చూస్తూ కూచుంది. వాకిలి దాటితే ముప్పై అడుగులు. నేను వాళ్ల పక్కింటిదాన్ని, అది చూస్తే నాకు ఒళ్లు మండేది. కానీ డాక్టరు మాట కాదనడానికి నేనెవర్ని?

పోయిన చలికాలం మాన్సీ చనిపోయాడు. తర్వాత ఆసుపత్రి నుంచి వ్యాయామం చేయించడానికి కిర్‌స్టీన్ అనే పిల్ల వచ్చింది.

"లేవండి థోరా గారూ, నడవాలి," అంది.

"నడవకూడదన్నారుగా?"

"అది పాత పద్ధతండీ. అలా కూచోబెట్టడమే తప్పని ఇప్పుడంటున్నారు. రోజూ కాస్త కదిలితే ఉన్న బలమైనా నిలుస్తుంది."

"మరి నా ఇరవై ఒక్క ఏళ్లు ఎవర్ని అడగనే?" అంది థోరా.

చూసుకునేవాళ్లు లేక అమ్మేసిన ఆవుల్ని శుక్రవారం తోలుకుపోతారు. ఈలోగా తన కాళ్లతో కొట్టంలోకి వెళ్లాలని థోరా పట్టు పట్టింది.

"పడితే నీ ఎముకలు నేనే ఏరుకోవాలే ముసలీ!" అన్నాను.

"ఏరుకుందువులే, నీకు మాత్రం వేరే పనేముంది?" అంది.

గురువారం మధ్యాహ్నం ఒక చేత ఊతకర్ర, ఇంకో చేత నా భుజం పట్టుకుని బయల్దేరింది. పదిసార్లు ఆగింది. కొట్టం గుమ్మం దగ్గర నా భుజం వదిలేసి గోడ తడిమింది.

అక్కడ, గుమ్మం నుంచి చివరి ఆవు దాకా, సరిగ్గా ఆమె నడుమెత్తున గోడకి పొడవాటి కర్ర బిగించి ఉంది. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెక్కని చేతికి గుచ్చుకోకుండా నున్నగా చిత్రిక పట్టాడు మాన్సీ. మేకులు తుప్పుపట్టి ఎన్నేళ్లయిందో! నేనేమో ఇన్నాళ్లూ తాళ్లు ఆరేసుకునే కర్ర అనుకున్నాను.

"ఓరి మొండోడా! ఒక్కమాట అనలేకపోయావా? రమ్మంటే రానా నేను?" అని థోరా ఆ కర్ర పట్టుకుని భోరుమంది. కాసేపటికి, "నేను మాత్రం వస్తానని ఎప్పుడైనా అడిగానా!" అంది.

శుక్రవారం ఆవులు వెళ్లిపోయాయి. థోరా ఇప్పటికీ రోజూ ఆ కర్ర పట్టుకుని ఖాళీ కొట్టంలో చివరిదాకా వెళ్లి వస్తుంది. తోడు వస్తానంటే వద్దంటుంది.